కత్తెర కోసమే తీసిన పాటలు

1940ల్లో హాలీవుడ్‌లోని ఎం.జి.ఎం. స్టూడియో తీసిన మ్యూజికల్స్‌లో, అంటే ఆటపాటల సినిమాల్లో, నల్లజాతి గాయని లీనా హార్న్ కనబడే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. ఖరీదైన గౌను, వెనక మెరిసే తెర, ఆనుకోవడానికి ఒక స్తంభం. వస్తుంది, పాడుతుంది, వెళ్లిపోతుంది. హీరోకూ ఆమెకూ మాటల్లేవు. హీరోయిన్‌కు ఆమె ఎవరో తెలియదు. పాటకు ముందు ఆమె పేరెత్తినవాళ్లు లేరు, పాట అయ్యాక తలచుకున్నవాళ్లూ లేరు. స్తంభానికి గుచ్చిపెట్టిన సీతాకోకచిలుకలా ఉండేదాన్నని తర్వాతి రోజుల్లో ఆమే చెప్పుకుంది. పనిమనిషి వేషాలు వేయనని మొదటే గట్టిగా చెప్పి 1942లో ఆ స్టూడియోలో చేరిన మనిషి. ఆ వేషాలైతే ఇవ్వలేదు. వాటికి బదులు ఏం ఇవ్వాలో స్టూడియోకు తోచలేదు.

తోచలేదనడం కూడా మర్యాదకే. అది ఆలోచించి చేసిన ఏర్పాటు. అమెరికా దక్షిణాదిలో చాలా ఊళ్లకు సొంత సెన్సారు బోర్డులుండేవి. టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో లాయిడ్ బిన్‌ఫర్డ్ అనే ఇన్సూరెన్సు వ్యాపారి 1928 నుంచి 1955 దాకా ఆ బోర్డు మీద పెత్తనం చేశాడు. తెరమీద నల్లజాతి మనిషి పనివాడుగా కాకుండా మరోలా కనిపిస్తే ఆయనకు పడేది కాదు. 1945లో ఒక హాస్యచిత్రాన్ని మొత్తంగా నిషేధించాడు. అందులో నల్లజాతి హాస్యనటుడు ఎడ్డీ ఆండర్సన్ వేసింది నౌకరు వేషమే. కాకపోతే ఆ నౌకరు తెల్లవాళ్లతో మరీ చనువుగా ఉన్నాడట! ఇలాంటి ఊళ్ల బాక్సాఫీసు పోగొట్టుకోవడం స్టూడియోలకు ఇష్టం లేదు. అందుకని లీనా పాటను కథకు ఎక్కడా తగలకుండా తీసేవారు. రీలు మెంఫిస్ చేరాక ఆ ముక్క కోసి, రెండు కొసలూ అతికిస్తే సరి. మాట తెగదు, సీను తెగదు. హాల్లో కూర్చున్నవాడికి ఏదో పోయిందన్న అనుమానమే రాదు. అంటే కత్తిరింపు ఎడిటింగు గదిలోనో సెన్సారు బల్ల మీదో మొదలవలేదు. కథ రాసుకునేటప్పుడే మొదలైంది.

పాట తీసేసినా కథకు నష్టం లేదన్న మాట మన సినిమాలకు కొత్తేమీ కాదు. సెకండ్ షో ఆలస్యమైతే ఒక పాట ఎగరగొట్టిన ఆపరేటర్లు తెలుగునాట ఊరికొకరుండేవారు. అయితే ఇక్కడి కత్తిరింపు టైము కలిసి రావడానికి. అక్కడిది రంగు కోసం.

విచిత్రం ఏమిటంటే, సరిగ్గా అదే కాలంలో, అదే దేశంలో, ఇందుకు తలకిందులుగా మరో రకం సినిమాలు వస్తుండేవి. వాటిలో పాటలు తీసేస్తే మిగిలేదేమీ లేదు. కథ తీసేస్తేనే నష్టం లేదు.

వాటిని రేస్ సినిమాలనేవారు. రేస్ అంటే ఇక్కడ జాతి. నల్లజాతి నటులతో, నల్లజాతి ప్రేక్షకుల కోసం తీసినవి. 1910ల నుంచి 1950 దాకా ఇలాంటివి సుమారు 500 వచ్చాయని అంచనా. ఇప్పుడు చూడటానికి దొరికేవి వందలోపే. నల్లవాళ్ల పేటల్లోని హాళ్లలో ఇవి ఆడేవి. ఆ హాళ్లు లేని చోట తెల్లవాళ్ల థియేటర్లే అర్ధరాత్రి ఆట ఒకటి వేసి, వాళ్లను ఆ వేళకే రానిచ్చేవి. ఈ సినిమాల్లో ఏడుపు కథలున్నాయి, హత్యల కథలున్నాయి, భక్తి కథలున్నాయి. కాని చూసినవాళ్లకు ఎక్కువగా గుర్తుండిపోయినవి ఆటపాటల హాస్యచిత్రాలు. ఇవాళ వాటిని చూస్తే తోచే మొదటి మాట, "కథేదీ?" అనే. ఆ ప్రశ్నకు జవాబు కోసం ముందు రంగస్థలం దాకా వెనక్కి వెళ్లాలి.

అక్కడ మొదట కనబడే మనిషి బర్ట్ విలియమ్స్. 1874లో బహామా దీవుల్లోని నసావులో పుట్టాడు. జార్జ్ వాకర్‌తో జంటకట్టి ఆడిన 'ఇన్ డహోమీ' 1903లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో పెద్ద థియేటరుకెక్కింది. నల్లజాతివాళ్లే రాసి, నల్లజాతివాళ్లే నటించిన నిండు నిడివి మ్యూజికల్ అలాంటి హాలుకు చేరడం అదే మొదలు. ఆ ఏడాదే లండన్ వెళ్లి, బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో రాజకుటుంబం ముందు ఆడారు. ఇంతటి నటుడు ముఖానికి కాల్చిన బెరడు మసి పూసుకోకుండా స్టేజీ ఎక్కేవాడు కాదు. తెల్లవాళ్లు మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించే మిన్‌స్ట్రెల్ ఆటలు అప్పటికే ఎన్నో దశాబ్దాలుగా జనానికి అలవాటయ్యాయి. నల్లవాడు నవ్వించాలంటే తెల్లవాడు తయారుచేసిన నల్లవాడి బొమ్మలోకి దూరాల్సిందే. విలియమ్స్ చామనఛాయ మనిషి. స్టేజీ మీద మాట్లాడే యాస కూడా ఆయనది కాదు, నేర్చుకున్నది. కలిసి పనిచేసిన హాస్యనటుడు డబ్ల్యూ.సి. ఫీల్డ్స్ ఆయన గురించి అన్నమాట చాలామందికి తెలుసు: తాను చూసినవాళ్లలో అంత నవ్వించినవాడు లేడు, తనకు తెలిసినవాళ్లలో అంత దిగులు మనిషీ లేడు అని.

1916లో ఆయన నటించిన చిన్న సినిమా ఒకటి ఇప్పటికీ చూడొచ్చు. పేకాటరాయుడి కథ. చివర్లో జైలుపాలవుతాడు. గదిలో ఎవరూ లేరు, చేతిలో ముక్కలూ లేవు. అయినా పేక కలుపుతాడు, లేని మనుషులకు వరసగా పంచుతాడు. ఒక్కొక్కడి వంక ఓరగా చూస్తాడు. తన ముక్కలు విప్పుకుని, లోలోపల మురిసి, పందెం పెంచుతాడు. ఎదుటివాడు ఇంకా పెంచాడు కాబోలు, కనుబొమ పైకి లేస్తుంది. మళ్లీ పెంచుతాడు. ముక్కలు దించే వేళకు ముఖం మెల్లగా జారిపోతుంది. మసి కింద ఆ ముఖం ఎంత పనిచేస్తోందో చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. లేని పేకలో, లేని మనుషుల చేతిలో కూడా ఓడిపోవడం! స్టేజీ మీద ఏళ్ల తరబడి చేసిన ఐటమే ఇది. సినిమా దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుంది. కథ జైలు దాకా నడిచింది ఈ ఐటమ్ కోసమే.

విలియమ్స్ 1913లో చేసిన పెద్ద ప్రయత్నం మాత్రం అసలు విడుదలే కాలేదు. బయోగ్రాఫ్ కంపెనీ కోసం, న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట అయిన హార్లెమ్ రంగస్థల నటులను వెంటబెట్టుకుని తీసిన సినిమా. ఎందుకు ఆపేశారో స్పష్టంగా చెప్పే కాగితమేదీ బయటికి రాలేదు. 1930ల చివర్లో బయోగ్రాఫ్ పాత నెగటివులు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు చేరినప్పుడు, ఎడిట్ చేయని ఈ రీళ్లు కూడా వాటిలో ఉన్నాయి. అక్కడి నిపుణులు వాటిని పోల్చుకుని, వరస కూర్చి 2014లో చూపించారు. నూరేళ్ల తర్వాత! ఎడిట్ కాలేదు కాబట్టి ఒకే షాటు రెండు మూడు టేకులు వరసగా వస్తాయి. మధ్యలో తెల్ల దర్శకుడు ఫ్రేములోకొచ్చి ఏదో చెబుతుంటాడు, నటులు వింటుంటారు. మిన్‌స్ట్రెల్ ఆటల్లో ఊహించలేనివి ఇందులో చాలా ఉన్నాయి. బాగా ముస్తాబైన జంటలు వరసగా కేక్‌వాక్ అనే డాన్సు ఆడతారు. రంగులరాట్నం మీద విలియమ్స్, ఒడెస్సా వారెన్ గ్రే ప్రేమికుల్లా పక్కపక్కన తిరుగుతారు. చివర్లో ముద్దు. వెటకారం లేని, తొందర లేని మామూలు ముద్దు. ఇందులో మసి పూసుకున్నది విలియమ్స్ ఒక్కడే. పేరున్నవాడు ఆ ముసుగు తాను వేసుకుంటే మిగతావాళ్లు మామూలు మనుషుల్లా ఉండగలరన్నది లెక్క అయివుండొచ్చు. చాలా ఖరీదైన లెక్క.

మాట్లాడే సినిమా రాకతో పరిస్థితి మారింది. నిజానికి నల్లజాతి సంగీతం సినిమా శబ్దానికి మొదటి పరీక్షల్లోనే ఉంది. బ్రాడ్‌వేలో 'షఫుల్ అలాంగ్' అనే మ్యూజికల్ కట్టిన నోబుల్ సిసల్, యూబీ బ్లేక్ పాటలను లీ డి ఫారెస్ట్ అనే ఆవిష్కర్త 1923లోనే ఫిల్ముమీద శబ్దంతో సహా పట్టాడు. 1929 వచ్చేసరికి హాలీవుడ్‌లో ఒక నమ్మకం పాకింది: మైకుకు నల్లవాళ్ల గొంతు బాగా అతుకుతుందని. పొగడ్తలా వినిపించే ఈ మాట వెనక, "పాడటానికైతే పనికొస్తారు" అన్న కొలత కూడా ఉంది. ఆ ఏడాది రెండు పెద్ద స్టూడియోలు అందరూ నల్లజాతి నటులే ఉన్న సినిమాలు తెచ్చాయి. కింగ్ విడార్ తన జీతాన్ని పణంగా పెట్టి తీసిన 'హల్లెలూయా' వాటిలో ఒకటి. అది హాస్యచిత్రం కాదు. కాని అందులో పదహారేళ్ల ప్రాయంలో నటించిన నీనా మే మెకినీ కథ ఇక్కడ అవసరం. డాన్సు, నటన, చిలిపితనం అన్నీ ఉన్న పిల్ల. ఎం.జి.ఎం. ఆమెతో ఐదేళ్ల ఒప్పందం రాసుకుంది. ఆ తర్వాత ఆమెకు సరిపోయే కథ ఒక్కటీ రాయించలేదు. యూరప్ వెళ్లి పాడుకుంది. అక్కడ, అప్పటి పెద్ద తార గ్రేటా గార్బో పేరుమీద, బ్లాక్ గార్బో అని పేరొచ్చింది. లీనా కంటే పదమూడేళ్ల ముందు, అదే స్టూడియోలో జరిగిన ముచ్చట ఇది.

ఆ మధ్యకాలంలో నల్లజాతి కళాకారులకు హాలీవుడ్ ఇచ్చిన జాగా ఎక్కువగా చిన్న సినిమాల్లోనే. అసలు సినిమాకు ముందు పది, ఇరవై నిమిషాలు వేసేవి. వార్నర్ సోదరుల వైటాఫోన్ 1933లో తీసిన 'రూఫస్ జోన్స్ ఫర్ ప్రెసిడెంట్' చూస్తే నవ్వాలో, కోపం తెచ్చుకోవాలో తేల్చుకోలేం. తల్లి ఒడిలో నిద్రపోయిన పిల్లవాడు అమెరికా ప్రెసిడెంటయినట్టు కల. పిల్లవాడు ఏడేళ్ల శామీ డేవిస్ జూనియర్, తల్లి గాయని ఈథెల్ వాటర్స్. నల్లవాళ్లు నిండిన సెనేట్‌లో కోడి మాంసం మీద, పాచికల మీద, కత్తుల మీద పాచిపోయిన జోకులు. తెల్లవాళ్లు తెల్లవాళ్ల కోసం రాసినవి. వాటి మధ్యలో ఆ పిల్లవాడు లేచి పాడి, కాళ్లాడిస్తే మిగతాదంతా మరుగున పడిపోతుంది. హార్లెమ్ మీద తెల్లవాళ్లు వెటకారంగా రాసిన ఒక పాటను ఈథెల్ వాటర్స్ అందులో పాడింది. పాడేటప్పుడు కొన్ని మాటలు మార్చేసింది. పాడేది తామే అయినప్పుడు ఆ పాట ఎవరి గురించో ఆ మార్పుతో తేలిపోతుంది. ఇంతకంటే చిన్న జాగాలో ఇంతకంటే పెద్ద తిరుగుబాటు చేయడం కష్టం.

హాస్యగాళ్ల సంగతి ఇంకా చిక్కు. మాంటన్ మోర్లాండ్‌నే తీసుకుందాం. లూసియానా రాష్ట్రంలోని మన్రోలో 1902లో పుట్టాడు. తెల్ల ప్రేక్షకులకు అతను డిటెక్టివ్ చార్లీ చాన్ సినిమాల్లోని డ్రైవరు. శవం కనబడితే గుడ్లు తేలేసి పరుగెత్తేవాడు. నల్లజాతి హాళ్లలో అతను హీరో. అక్కడా దయ్యాల కథలే, అక్కడా పరుగే. కాని పక్కన ఉన్నవాళ్లంతా నల్లవాళ్లే. భయపడేవాడు, భయపెట్టేవాడు, ధైర్యవంతుడు, అందగత్తె అందరూ వాళ్లే. అప్పుడు భయం అతనొక్కడి స్వభావమే అవుతుంది తప్ప జాతి లక్షణం కాదు. జోకు మారలేదు. హాలు మారింది. ఇన్ని దశాబ్దాలుగా ఈ హాస్యగాళ్ల మీద నడుస్తున్న వాదంలో సగం ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల వచ్చినదే. మిగతా సగం న్యాయమైనదే. స్టెపిన్ ఫెచిట్ అనే పేరుతో లింకన్ పెర్రీ వేసిన బద్ధకస్తుడి వేషం ఆయనను కోటీశ్వరుణ్ని చేసిన మాట నిజం. పనికోసం వెళ్లిన ప్రతి నల్లవాణ్ని తెల్ల యజమాని ఆ వేషంతోనే పోల్చి చూసిన మాటా నిజం.

మోర్లాండ్ దగ్గర మాత్రం ఇంకో సంగతి ఉంది. బెన్ కార్టర్‌తో కలిసి చేసే ఒక సంభాషణ ఐటమ్. ఒకడు మాట మొదలుపెడతాడు. అది పూర్తికాకముందే రెండోవాడికి అర్థమైపోతుంది. ఏ వాక్యానికీ కొస ఉండదు. తెలుగులో చెప్పుకుంటే ఇలా నడుస్తుంది:

"ఒరేయ్, నిన్న సంతలో ఎవరు కనబడ్డారనుకున్నావ్? మన…"

"వాడా! ఇంకా బతికే ఉన్నాడా? నేను వాణ్ని చూసి…"

"అంతకంటే ఎక్కువే అయింది. ఇప్పుడు వాడుండేది…"

"ఆ సందులోనా? అక్కడ అద్దె…"

"అంత లేదులే. వాడిచ్చేది…"

"అంతేనా! మా ఇంటివాడు నా దగ్గర…"

"అయితే నిన్ను నిలువునా దోచేస్తున్నాడన్నమాట."

ఇది వీళ్లు కనిపెట్టింది కాదు. 'షఫుల్ అలాంగ్' రాసి ఆడిన మిల్లర్, లైల్స్ జంట దగ్గర్నుంచి వచ్చింది. కాగితం మీద చూస్తే ఏమీ లేనట్టుంటుంది. ఆడితే ప్రాణం లేస్తుంది. ఎందుకంటే టైమింగ్ ఒక్క సెకను తప్పినా కుప్పకూలుతుంది. రెండో కారణం ఇంకా ముఖ్యం. ఆ ఇద్దరికీ ఒక ఊరుంది, ఒక సందుంది, చుట్టాలున్నారు, అప్పులున్నాయి. అవన్నీ ఇద్దరికీ తెలుసు, వినేవాడికే తెలియవు. హాలీవుడ్ స్క్రిప్టు వాళ్లకు ఇవ్వని బతుకునంతా ఆ తెగిపోయిన వాక్యాల్లో వాళ్లే తెచ్చుకున్నారు. 1945 నాటి చార్లీ చాన్ సినిమా 'ద స్కార్లెట్ క్లూ'లో ఈ ఐటమ్ ఉంది. హత్య పరిశోధన ఆగిపోతుంది, వీళ్లిద్దరూ మాట్లాడుకుంటారు, పరిశోధన మళ్లీ మొదలవుతుంది. కత్తిరించినా కథ చెడదు. అయినా ఆ సినిమాలో ఇవాళ చూడదగినది అదొక్కటే.

ఇక రేస్ మ్యూజికల్స్‌లో కథ ఎందుకంత పలచన అన్న ప్రశ్న. 1938లో వచ్చిన 'ద డ్యూక్ ఈజ్ టాప్స్' మంచి ఉదాహరణ. హీరో రాల్ఫ్ కూపర్, హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌లో కొత్తవాళ్ల పోటీలు నడిపి పేరు తెచ్చుకున్నవాడు. హీరోయిన్ లీనా హార్న్, ఇదే ఆమె మొదటి సినిమా. షోలు కట్టే డ్యూక్ తన ప్రియురాలు పెద్ద గాయని కావాలని ఆమెను న్యూయార్క్ పంపించేస్తాడు. తాను మందులు అమ్ముకునే తిరుగుడు కంపెనీలో చేరతాడు. అక్కడ ఆమె షో దెబ్బతింటుంది, ఇతను వెళ్లి నిలబెడతాడు. అంతే కథ. మందుల బండి దగ్గర ఆటగాళ్లు, న్యూయార్క్ క్లబ్బులో ఆటగాళ్లు, చివర్లో అందరూ కలిసి ఆడే పెద్ద ఆట. కథ వీళ్లందరినీ ఒక్కొక్కరుగా కెమెరా ముందుకు పంపే ద్వారపాలకుడు.

దీనికి మొదటి కారణం డబ్బు. ఇలాంటివి కొద్ది రోజుల్లో, తక్కువ ఖర్చుతో చుట్టేసేవారు. రెండు సెట్లు, కదలని కెమెరా. కొత్త సీను రాసి, రిహార్సల్ చేయించడానికి టైము పడుతుంది. స్టేజీ మీద వెయ్యిసార్లు ఆడిన ఐటమ్‌కు రిహార్సల్ అక్కర్లేదు. రెండో కారణం ప్రేక్షకుడు. అలబామాలోనో మిసిసిపీలోనో పత్తి పండే ఊళ్లో ఉన్నవాడు రేడియోలోనో రికార్డులోనో విన్న గొంతు తాలూకు మనిషిని చూడాలనుకుంటాడు. ఆ మనిషి వాడి ఊరికి ఎప్పటికీ రాకపోవచ్చు. వాడు టికెట్టు కొన్నది ఆ నాలుగు నిమిషాల కోసం. ఆ నాలుగు నిమిషాలు పూర్తిగా ఇవ్వని సినిమా వాడికి మోసం.

ఈ సినిమాలను మరీ నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. వీటిని తీసిన, పంచిన కంపెనీల్లో చాలావాటికి యజమానులు తెల్లవాళ్లే. అట్లాంటాలో టెడ్ టాడీ, డల్లాస్‌లో ఆల్ఫ్రెడ్ శాక్ ఈ వ్యాపారంలో పెద్ద పేర్లు. హీరోయిన్ లేతరంగు, హాస్యగాడు నలుపు అన్న సూత్రం ఇక్కడా నడిచింది. అపోలో స్టేజీ మీద పిగ్‌మీట్ మార్కమ్ లాంటి పెద్ద కమెడియన్లు 1940ల్లో కూడా మసి పూసుకునే ఉన్నారు. వ్యాపార తెలివికీ తక్కువ లేదు. 1943లో లీనా హాలీవుడ్ స్టారయ్యాక, ఐదేళ్ల కిందటి 'డ్యూక్'నే 'ద బ్రాంజ్ వీనస్' అని పేరు మార్చి, ఆమె పేరు ముందుకు తెచ్చి మళ్లీ విడుదల చేశారు. టైటిల్లోంచి హీరో ఎగిరిపోయాడు.

అదే ఏడాది హాలీవుడ్ రెండు పెద్ద నల్లజాతి మ్యూజికల్స్ తెచ్చింది. యుద్ధకాలం. నల్లజాతి సైనికులు కావాలి, వాళ్ల ఇళ్లవాళ్ల ఉత్సాహం కావాలి. వాషింగ్టన్ నుంచి ఒత్తిడి ఉంది. నల్లజాతి హక్కుల కోసం పోరాడే ఎన్.ఎ.ఎ.సి.పి. సంస్థ తరఫున వాల్టర్ వైట్ స్టూడియోల గుమ్మాలెక్కి మాట్లాడి వచ్చాడు. ఆ వేడిలో పుట్టినవి ఎం.జి.ఎం. వారి 'కేబిన్ ఇన్ ద స్కై', ఫాక్స్ వారి 'స్టార్మీ వెదర్'. రెంటిలోనూ లీనా ఉంది. ఇప్పుడు స్తంభం లేదు, సాక్షాత్తూ కథలోనే ఉంది. అయినా కత్తెర వదల్లేదు. 'కేబిన్'లో నురగ నిండిన తొట్టిలో స్నానం చేస్తూ ఆమె పాడిన పాట తీసేశారు. అదే పాటను జాజ్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన భాగమూ పోయింది. లీనా ముక్క మూడేళ్ల తర్వాత స్టూడియో విశేషాలు చూపే ఒక చిన్న సినిమాలో తేలింది. పాటను ఎక్కడైనా అతికించొచ్చన్న సూత్రం ఇలా కూడా పనికొచ్చింది.

'స్టార్మీ వెదర్' 77 నిమిషాలు, దాదాపు 20 పాటలు, ఆటలు. 65 ఏళ్ల డాన్సరు బిల్ రాబిన్సన్, పాతికేళ్లు దాటిన లీనా ప్రేమజంట. నమ్మడం కష్టమే. ఎవరూ నమ్మమని బలవంతపెట్టరు కూడా. ఫ్యాట్స్ వాలర్ పియానో ముందు కూర్చుని కనుబొమలతో వాయించే పాట ఉంది. ఆ డిసెంబరులోనే ఆయన పోయాడు. కేథరిన్ డనమ్ డాన్సు బృందం ఉంది. వీటన్నిటినీ దాటి, చివర్లో నికొలస్ సోదరులు వస్తారు.

అన్న ఫేయర్డ్, తమ్ముడు హెరాల్డ్. బ్యాండు నాయకుడు క్యాబ్ క్యాలొవే పాట అందిస్తే వీళ్లు బల్ల మీంచి లేస్తారు. బ్యాండువాళ్ల ముందున్న ఎత్తయిన దిమ్మెల మీద, వాద్యగాళ్ల మధ్య, ఒక దాని మీంచి ఇంకోదానికి దూకుతూ, బూట్ల చప్పుడుతో తాళం వేసే టాప్ డాన్సు చేస్తారు. పియానో మీదికెక్కుతారు. పియానో వాయించేవాడు వేళ్లతో ఒక ముక్క వేస్తే వీళ్లు కాళ్లతో జవాబు చెబుతారు. ఆఖర్న పెద్ద పెద్ద మెట్లు. ఒకడు ఒక మెట్టు మీద కాళ్లు రెండు వైపులా బారచాపి పడతాడు. రెండోవాడు అతని తల మీంచి దూకి, కింది మెట్టు మీద అలాగే పడతాడు. వెనకున్నవాడు లేచి మళ్లీ ఇతని మీంచి. ఇలా కిందిదాకా. చేతులు నేల తాకవు. నేలకతుక్కుపోయిన కాళ్లను చేయి ఊతం లేకుండా దగ్గరికి లాక్కుని నిలబడటం ఎలా సాధ్యమో ఎన్నిసార్లు చూసినా అంతుపట్టదు. రిహార్సల్ లేకుండా ఒక్క టేకులో తీశారని అంటారు. సినిమాల్లో తాను చూసిన డాన్సుల్లో ఇదే గొప్పదని హాలీవుడ్ డాన్సు హీరో ఫ్రెడ్ ఆస్టేర్ అన్నాడని చెబుతారు. ఆస్టేర్‌కు ఒక్కో సినిమాలో కథ, హీరోయిన్, పేరు అన్నీ ఉన్నాయి. నికొలస్ సోదరులకు చాలా సినిమాల్లో ఆ మూడు నిమిషాలే ఉన్నాయి. ఆ మూడు నిమిషాల్లో అంత కసి నింపడానికి అదీ ఒక కారణమేమో.

పాటను కథ నుంచి పూర్తిగా విడదీస్తే ఏమవుతుందో సౌండీలు చూపించాయి. 1940 నుంచి బార్లలో, హోటళ్లలో బీరువా అంత యంత్రం ఒకటి పెట్టేవారు. పేరు పానోరమ్. పది సెంట్ల నాణెం వేస్తే మూడు నిమిషాల పాట ఆడుతుంది. ఒక రీలులో ఎనిమిది పాటలు, వరస తప్పదు. కావలసినది ఎంచుకోవడానికి వీల్లేదు. ఇష్టమైన పాట ఏడోదైతే ఏడు నాణేలు సమర్పించుకోవాల్సిందే! లోపల బొమ్మ అద్దాల మీద పడి తెరకు చేరుతుంది కాబట్టి ఫిల్ముమీద అంతా ఎడమ కుడిగా అచ్చువేసేవారు. సుమారు 1,800 సౌండీలు తీస్తే, వాటిలో 300 దాకా నల్లజాతి కళాకారులవి. అరగంట కథను భరించలేని బారులో పాట ఒక్కటే మిగిలింది, డబ్బు చేసుకుంది.

ఈ కిటుకును బాగా పట్టుకున్నవాడు లూయీ జోర్డన్. ఆర్కాన్సాలోని బ్రింక్లీలో పుట్టిన శాక్సఫోన్ వాద్యగాడు. పాడతాడు, నవ్విస్తాడు, కళ్లు తిప్పుతాడు. 1945లో తన హిట్ పాట 'కాల్డోనియా' పేరుతోనే చిన్న సినిమా వచ్చింది. తర్వాత 1946లో 'బివేర్' అని నిండు సినిమా. అప్పుల్లో మునుగుతున్న నల్లజాతి కాలేజీని పాత విద్యార్థి జోర్డన్ వచ్చి పాటలతో ఒడ్డున పడేస్తాడు. ప్రొఫెసర్లు, విద్యార్థులు, ధర్మకర్త, దొంగ లెక్కలు. తెల్లవాడు లేడు, లేడన్న సంగతి ఎవరికీ గుర్తుకూడా రాదు. హాలీవుడ్ కోట్లు పోసి చూపించలేని మామూలుతనం ఈ చవక సినిమాలో అప్పనంగా దొరుకుతుంది.

1948 నాటి 'బోర్డింగ్ హౌస్ బ్లూస్' ఈ వరసలో దాదాపు చివరిది. హాస్యనటి మామ్స్ మేబ్లీ ఇందులో ఆటగాళ్లు అద్దెకుండే ఇంటి యజమానురాలు. అద్దె కట్టడానికి డబ్బుల్లేవు, కాబట్టి అందరూ కలిసి షో వేస్తారు. మామ్స్ అసలు పేరు లొరెటా ఐకెన్. వయసులో ఉండగానే ముసలమ్మ గౌను, వేలాడే టోపీ తగిలించుకుంది. ముసలమ్మ అంటే ఏ మాటైనా చెల్లుతుందని ఆమెకు ముందే తెలుసు. ఆ షోలో ఒక కాలు, ఒక చేయి మాత్రమే ఉన్న హెన్రీ హర్డ్ వచ్చి డాన్సు చేస్తాడు. జాలి సంగీతం వినిపించదు, అతని కష్టాల మీద ఒక్క డైలాగూ లేదు. వస్తాడు, గిర్రున తిరుగుతాడు, చప్పట్లు, తర్వాతి ఐటమ్. బలమైన కథ ఉన్న సినిమా అయితే దర్శకుడు అతన్ని ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేసేవాడు, లేదా అతని గతం చెప్పి ఏడిపించేవాడు.

ఆ తర్వాత రెండేళ్లకే రేస్ సినిమా అడుగంటింది. టెలివిజన్ వచ్చింది. 1949లో హాలీవుడ్ జాతి సమస్య మీద గంభీరమైన సినిమాలు వరసగా తీసింది. నల్లజాతి ప్రేక్షకుడు అటు మళ్లాడు. చిన్న కంపెనీలు మూతపడ్డాయి. ప్రింట్లు ఎటుపోయాయో పట్టించుకున్నవాళ్లు లేరు. 1983లో టెక్సాస్‌లోని టైలర్ అనే ఊళ్లో ఒక గోదాములో డబ్బాలు బయటపడ్డాయి. నల్లజాతి దర్శకుడు స్పెన్సర్ విలియమ్స్ తీసిన 'జూక్ జాయింట్' వాటిలోదే. డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ వాటిని దాచింది.

1947 నాటి 'బాయ్! వాట్ ఎ గర్ల్!'లో ఒక పాట ఉంది. షో కోసం పెట్టుబడి వెతుక్కునే నిర్మాతల కథ. టిమ్ మూర్ ఆడవేషం వేసి తంటాలు పడుతుంటాడు. బిగ్ సిడ్ కాట్లెట్ బ్యాండు వాయిస్తుంటుంది. ఉన్నట్టుండి ఒక తెల్లాయన వచ్చి డ్రమ్స్ ముందు కూర్చుంటాడు. దేశమంతా తెలిసిన జీన్ క్రూపా. కథలో ఆయనకు పాత్ర లేదు, హీరోతో మాట లేదు, హీరోయిన్‌తో పరిచయం లేదు. వాయిస్తాడు, నవ్వుతాడు, లేచి వెళ్లిపోతాడు. ఆ ముక్క కోసి రెండు కొసలూ అతికిస్తే ఎవరికీ అనుమానం రాదు.